ముఖం తెలియని మాస్టారు సాక్ష్యం చెప్పేదెలా?

అమెరికా చదువుకు కావాలి మూడు ఉత్తరాలు – ఆఖరి నెలలో అధ్యాపకుల గదుల చుట్టూ ప్రదక్షిణలు

ఒంగోలు: సిఫారసు ఉత్తరం అనగానే పల్లెల్లో ఎవరికైనా గుర్తుకొచ్చేది ఎమ్మెల్యే గారి లెటర్‌హెడ్. హాస్టల్లో సీటుకో, బదిలీకో, పెద్దాసుపత్రిలో మంచానికో ఒక పెద్దమనిషి చేత రెండు ముక్కలు రాయించుకుని వెళ్లడం మనకు అలవాటైన పని. రాసినవారు ఎంత పెద్దవారైతే ఉత్తరానికి అంత బలం. అయితే ఇంజినీరింగు పూర్తిచేసి ఎం.ఎస్. చదువుకు అమెరికా వెళ్లదలచిన కుర్రకారును అక్కడి విశ్వవిద్యాలయాలు అడిగే ఉత్తరం ఈ కోవలోది కాదు. దాని పేరు సిఫారసే గాని, పని మాత్రం సాక్ష్యం. ఫలానా విద్యార్థికి నేను పాఠం చెప్పాను, అతని పని నా కళ్లతో చూశాను, అతను ఇంతటివాడు అని గురువు ఇచ్చే వాంగ్మూలం అది. ఈ తేడా తెలియకనే ఏటా ఎందరో గ్రామీణ విద్యార్థులు చివరి నిమిషంలో చిక్కుల్లో పడుతున్నారు.

2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. పదిహేనేళ్ల తర్వాత ఆ ఏడాది మనదేశం చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చింది. వీరిలో సగానికి పైగా ఎం.ఎస్., పీహెచ్.డీ. వంటి పై చదువుల వారే. 2025లో వీసాలు కట్టుదిట్టమై కొత్తగా వెళ్లేవారు తగ్గినా, పొలం తాకట్టు పెట్టయినా పిల్లవాణ్ణి పంపాలన్న ఆశ పల్లెల్లో తగ్గలేదు. ఫీజుల గురించి, బ్యాంకు అప్పు గురించి నెలల తరబడి ఆలోచించే కుటుంబాలు ఈ ఉత్తరాల సంగతి మాత్రం పట్టించుకోవు. తీరా దరఖాస్తు నింపడానికి కూర్చున్నాక ముగ్గురు అధ్యాపకుల పేర్లు రాయమంటే కుర్రవాడికి ఒక్క పేరు కూడా తోచదు.

నాలుగేళ్లు చదివినా పరిచయం సున్న

ఇందుకు తప్పంతా విద్యార్థులదే అనడానికి వీల్లేదు. ఇంజినీరింగు కళాశాలలో ఒక్కో సెక్షనుకు అరవై మందికి పైగా ఉంటారు. ఒక అధ్యాపకుడు ఒక సబ్జెక్టు చెప్పేది ఒక్క సెమిస్టరు. వారానికి నాలుగైదు గంటలు పాఠం చెప్పి, పరీక్షలు కాగానే మరో సెక్షనుకు వెళ్లిపోతారు. రెండు మూడు సెక్షన్లకు బోధించే వారికి పేర్లు గుర్తుండడమే గగనం. ఇక ప్రైవేటు కళాశాలల్లో జీతాలు చాలకో, మరో చోట మంచి అవకాశం వచ్చో ఏడాదికోసారి మారిపోయేవారు ఉండనే ఉన్నారు. రెండో ఏడు పాఠం చెప్పిన సారు నాలుగో ఏడు వచ్చేసరికి ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు.

పల్లెల నుంచి వచ్చిపోయే పిల్లలకు మరో ఇబ్బంది కూడా ఉంది. పొద్దున్నే కాలేజీ బస్సెక్కి, సాయంత్రం చివరి గంట కొట్టగానే అదే బస్సుకు పరుగెత్తాలి. అది తప్పితే ఊరికి చేరడం కష్టం. ఆడపిల్లల విషయం చెప్పనే అక్కర్లేదు. పాఠం అయ్యాక ఆగి సందేహం అడిగే తీరిక వీరికి ఉండదు. దానికి తోడు ఇంగ్లీషులో మాట్లాడాలంటే బెరుకు. చురుకైన పిల్లలు సైతం వెనక బెంచీలో మౌనంగా కూర్చుని, మంచి మార్కులతోనే బయటికి వస్తున్నారు. మార్కుల జాబితాలో వారి పేరు ఉంటుంది గాని, మాస్టారి మనసులో వారి ముఖం ఉండదు.

"రాసుకురా, సంతకం పెడతా"

ఈ పరిస్థితుల్లో చాలా చోట్ల ఒక పద్ధతి పాతుకుపోయింది. విద్యార్థి వెళ్లి అడుగుతాడు. "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అని అధ్యాపకుడు అంటాడు. విద్యార్థి ఊళ్లోని సీనియరు దగ్గర పాత ఉత్తరం తెచ్చి, పేరు మార్చి ఇస్తాడు. ఇప్పుడు కంప్యూటరు చేతనే రాయిస్తున్నవారూ ఉన్నారు. ముగ్గురి పేరా వెళ్లే మూడు ఉత్తరాల్లోనూ అవే మాటలు: కష్టపడే తత్వం, క్రమశిక్షణ, నాయకత్వ లక్షణాలు. ఏటా వేల దరఖాస్తులు చూసే వారికి ఈ పోలిక ఇట్టే తెలిసిపోతుంది.

పెళ్లి సంబంధం విచారించేటప్పుడు జరిగేదీ ఇదే. పిల్లవాడి గురించి పక్కింటాయనను అడిగితే "మంచివాడేనండీ" అని ఊరుకుంటే అడిగినవారికి అనుమానం వస్తుంది. "తండ్రికి జబ్బు చేస్తే ఆరు నెలలు తనే వ్యవసాయం చూసుకుని పరీక్ష కూడా రాశాడండీ" అంటే నమ్మకం కుదురుతుంది. విశ్వవిద్యాలయం వారు వెదికేది కూడా ఇలాంటి ఒక్క సంగతి కోసమే.

ఇందులో మరో మెలిక ఉంది. 1974లో అమెరికా చేసిన ఒక చట్టం ప్రకారం విద్యార్థికి తన చదువు రికార్డులు చూసుకునే హక్కు ఉంది. అధ్యాపకుడు మొహమాటం లేకుండా రాయాలన్న ఉద్దేశంతో, ఆ ఉత్తరాన్ని చూసే హక్కు వదులుకుంటారా అని దరఖాస్తులో అడుగుతారు. దాదాపు అందరూ వదులుకుంటున్నామనే టిక్కు పెడతారు. ఉత్తరం చూడనని అక్కడ మాట ఇచ్చి, ఇక్కడ ఆ ఉత్తరాన్ని తానే రాసుకోవడం ఏం సబబో విద్యార్థులే ఆలోచించుకోవాలి.

ఉత్తరం వెళ్లే దారి

ఉత్తరం విద్యార్థి చేతికి ఇచ్చి కవరులో పంపే రోజులు దాదాపు పోయాయి. దరఖాస్తులో అధ్యాపకుని పేరు, హోదా, ఈమెయిలు చిరునామా ఇస్తే, విశ్వవిద్యాలయం నుంచి నేరుగా ఆయనకే లింకు వెళుతుంది. దాన్ని తెరిస్తే ముందుగా కొన్ని ప్రశ్నలు వస్తాయి. ఈ విద్యార్థి మీకు ఎన్నాళ్లుగా తెలుసు? ఏ హోదాలో తెలుసు? మీరు బోధించిన వారిలో ఇతను మొదటి 5 శాతంలో ఉంటాడా, 10 శాతంలోనా, 25 శాతంలోనా? చాలా ఫారాల్లో "చెప్పలేను" అనే గడి కూడా ఉంటుంది. ఆ తర్వాతే ఉత్తరం జతచేయాలి. విద్యార్థి ముఖం ఎరుగని అధ్యాపకుడు వీటి ముందు ఇరకాటంలో పడతాడు. తెలియని చోట తెలుసని పెడితే అబద్ధం. "చెప్పలేను" అని పెడితే విద్యార్థికి నష్టం.

ఆగస్టులో మొదలయ్యే చదువుకు చాలా విశ్వవిద్యాలయాల్లో గడువు డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్యలో ముగుస్తుంది. సరిగ్గా అప్పుడే ఇక్కడ పరీక్షలు, పేపర్లు దిద్దడం, సంక్రాంతి సెలవులు. పది చోట్ల దరఖాస్తు పెట్టిన విద్యార్థి ముగ్గురు అధ్యాపకులను అడిగితే మొత్తం ముప్పై లింకులు. అడిగిన ఉత్తరాల్లో ఒక్కటి రాకున్నా ఆ దరఖాస్తు అసంపూర్తిగా పక్కన పడిపోవచ్చు. ఒక్కో దరఖాస్తుకు చెల్లించే రుసుము, ఎక్కువ చోట్ల 50 నుంచి 100 డాలర్ల దాకా, వెనక్కి రాదు.

హోదా కాదు, ఎరుక ముఖ్యం

ప్రిన్సిపాల్ గారి సంతకమైతే బరువెక్కువని పలువురు అనుకుంటారు. ఆయన పాఠం చెప్పకపోతే ఆ సంతకానికి విలువ తక్కువ. ఎమ్మెల్యే, జడ్పీ చైర్మన్, దూరపు చుట్టమైన పెద్ద అధికారి రాసిన ఉత్తరాలు అసలు పనికిరావు. ప్రాజెక్టు పని చేయించిన గైడు, రెండు సబ్జెక్టులు చెప్పిన అధ్యాపకురాలు, ల్యాబులో వారం వారం రికార్డు దిద్దిన అసిస్టెంటు ప్రొఫెసరు – వీరి మాటకే బలం. ఏడాదికి పైగా ఉద్యోగం చేసినవారు పై అధికారి చేత ఒక ఉత్తరం రాయించుకోవచ్చు. అయితే కనీసం ఒకటి రెండు చదువు చెప్పినవారి నుంచి ఉండడమే మేలు.

అంతగా తెలియని వారిని అడగాల్సి వస్తే

ముగ్గురూ బాగా తెలిసినవారే కావాలంటే అందరికీ కుదరదు. ఒకరినైనా అరకొర పరిచయంతో అడగాల్సి వస్తుంది. దానికి సిగ్గుపడనక్కర్లేదు. అడగడం తప్పు కాదు గాని, చేతులు ఊపుకుంటూ వెళ్లడం తప్పు. సాక్షికి చూపించాల్సినవి చూపించిన తర్వాతే సాక్ష్యం అడగాలి.

గడువుకు కనీసం నెల ముందు, ఆయనకు తీరిక ఉన్న వేళ కనుక్కుని స్వయంగా వెళ్లాలి. ఏ సంవత్సరం, ఏ సెమిస్టరు, ఏ సబ్జెక్టు ఆయన దగ్గర చదివిందీ, అందులో ఎన్ని మార్కులు వచ్చిందీ ముందుగా చెప్పాలి. ఒక ఫైలు తయారుచేసి ఇవ్వాలి. అందులో మార్కుల మెమోల నకళ్లు, ప్రాజెక్టులో తాను స్వయంగా చేసిన పని గురించి ఒక పేజీ, ఏ చదువుకు ఎందుకు వెళ్లదలచిందీ మరో పేజీ, విశ్వవిద్యాలయాల పేర్లు, గడువు తేదీలు ఉండాలి. ల్యాబులో ఎదురైన ఒక ఇబ్బంది, దాన్ని ఎలా గట్టెక్కిందీ రాసి ఇస్తే సారుకు జ్ఞాపకం వస్తుంది. ఇంటి పరిస్థితి కూడా దాచనక్కర్లేదు. సెలవుల్లో పొలం పనికి వెళుతూ చదివినవారు ఆ మాట చెప్పడం చిన్నతనం కాదు. ఈ వివరాలు ఇవ్వడం వేరు, ఉత్తరమే రాసిచ్చి సంతకం అడగడం వేరు. రాయడానికి సరుకు విద్యార్థిది, తీర్పు మాస్టారిది.

అడిగే మాట కూడా ముఖ్యమే. "సార్, ఒక లెటరు ఇవ్వండి" అంటే మొహమాటానికి సరే అంటారు. "సార్, నా గురించి మంచిగా రాయగలనని మీకు అనిపిస్తోందా? లేకపోతే చెప్పండి, ఏమీ అనుకోను" అని అడిగితే ఆయనకు తప్పుకునే దారి ఉంటుంది. ఆయన తటపటాయిస్తే నమస్కారం పెట్టి మరొకరిని వెదుక్కోవడమే మంచిది. ఇష్టం లేకుండా రాసిన ఉత్తరం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఒప్పుకున్నవారికి గడువుకు వారం ముందు ఒకసారి గుర్తుచేయాలి. సీటు వచ్చినా రాకున్నా వెళ్లి ఆ కబురు చెప్పాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఈ ఆఖరి పనే. వెనక వచ్చే జూనియర్లను మాస్టారు ఎలా చూస్తారన్నది కొంత దీనిమీదా ఆధారపడి ఉంటుంది.

అడ్డదారి తొక్కితే

దొరకని అధ్యాపకుని పేరుతో తామే ఈమెయిలు తెరిచి, తామే ఉత్తరం పంపుకునే సాహసం కొందరు చేస్తున్నారు. దీనికి సలహా ఇచ్చే దళారులు పట్టణాల్లో ఉన్నారు. ఇది ఫోర్జరీ. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయంలో చేరిన ఒక భారతీయ విద్యార్థి మార్కుల పత్రాలు మార్చాడని, ప్రిన్సిపాల్ పేరుతో దొంగ ఈమెయిలు నడిపాడని 2024లో బయటపడి కేసు అయింది. నేరం ఒప్పుకున్న అతను చదువు పోగొట్టుకుని స్వదేశానికి తిరుగుముఖం పట్టాల్సి వచ్చింది. అప్పుచేసి పంపిన కుటుంబానికి ఇంతకు మించిన దెబ్బ ఉండదు.

మూడో ఏటి నుంచే మొదలుపెట్టాలి

ఈ ఉత్తరాలు విదేశాలకు వెళ్లేవారికే అనుకుంటే పొరపాటు. మన దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్పు వంటి వాటికి కూడా అధ్యాపకుని మాట అవసరం. అందువల్ల మూడో సంవత్సరంలో అడుగుపెట్టగానే ఇద్దరు ముగ్గురు అధ్యాపకులకు తమ పని కనబడేలా చూసుకోవడం మంచిది. ఇది కాకాపట్టడం కాదు. వారానికి ఒక సందేహం అడగడం, మినీ ప్రాజెక్టు తెచ్చి చూపించడం, మధ్యాహ్న భోజన విరామంలో పది నిమిషాలు మాట్లాడడం చాలు. బస్సు పోతుందన్న భయం లేని వేళ అదే. సారు కళాశాల మారిపోతున్నారని తెలిస్తే ఫోను నంబరు, ఈమెయిలు తీసుకుని ఉంచుకోవాలి.

తల్లిదండ్రులు సైతం ఎన్ని మార్కులు వచ్చాయన్న ప్రశ్నతో సరిపెట్టుకోకుండా, "నీ పేరు పెట్టి పిలిచే మాస్టారు ఎవరైనా ఉన్నారా?" అని పిల్లలను అప్పుడప్పుడు అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు రాకపోతే దిద్దుకోవడానికి మూడో ఏట సమయం ఉంటుంది. నాలుగో ఏడు డిసెంబరులో ఉండదు.

కళాశాలల యాజమాన్యాలు చేయదగినవి కూడా ఉన్నాయి. అధ్యాపకులందరికీ కళాశాల పేరుతో ఈమెయిలు చిరునామా ఇస్తే, ఉత్తరం అసలుదా నకిలీదా అన్న అనుమానం విశ్వవిద్యాలయాలకు తగ్గుతుంది. ఒక్కో అధ్యాపకునికి కొందరు విద్యార్థులను అప్పగించే పద్ధతి కాగితాల మీద చాలా చోట్ల ఉంది. దాన్ని నెలకోసారైనా నిజంగా నడిపితే నాలుగేళ్లు చదివి ముక్కూముఖం తెలియకుండా వెళ్లిపోయే దుస్థితి తప్పుతుంది. పల్లెల నుంచి బస్సుల్లో వచ్చిపోయే విద్యార్థుల కోసం పనివేళల్లోనే వారానికి ఒక గంట కేటాయించాలని తల్లిదండ్రులు కోరుతున్నారు.