పాత ట్రక్కులో కొత్త మోడ్లు దాక్కుని లేవు

ఎలక్ట్రిక్ ట్రక్కులు నడిపేవాళ్ల మధ్య ఒక మాట జోరుగా తిరుగుతోంది. "ఫీచర్లన్నీ పాత బండిలో కూడా ఉన్నాయి, కంపెనీ తాళం వేసి దాచింది, లాప్‌టాప్ తగిలిస్తే బయటికొస్తాయి" అని. ఎక్కువగా ఇది రివియన్ కంపెనీ ఆర్1టీ మొదటి తరం ట్రక్కుల గురించే. రెండో తరం క్వాడ్ మోటార్, అంటే నాలుగు మోటార్ల, ట్రక్కులకు 2025లో బండిని దాదాపు ఉన్నచోటే తిప్పే కిక్ టర్న్ వచ్చింది, డ్రైవ్ మోడ్‌ను ఎవరికి కావలసినట్టు వాళ్లు మలుచుకునే ర్యాడ్ ట్యూనర్ వచ్చింది. ఇవన్నీ 2022 ట్రక్కులోనూ ఉన్నాయట, సాఫ్ట్‌వేర్‌లో ఒక లైను మారిస్తే చాలట.

చాటుమాటు కబురుగా ఉండిపోతే పట్టించుకోనక్కర్లేదు. కానీ ఈ మాటను చూపించి సెకండ్ హ్యాండ్ ట్రక్కుకు నాలుగు డాలర్లు ఎక్కువ అడుగుతున్నారు. ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతికి అకౌంట్ పాస్‌వర్డ్, తాళం రెండూ ఇచ్చేస్తున్నారు. మూడు టన్నులకు పైబడిన బండి అది. దాని చక్రాలకు ఎంత బలం ఎప్పుడు అందాలో నిర్ణయించే ప్రోగ్రామును, ఏ పరీక్షా చేయని మనిషి మార్చడానికి మనమే ఒప్పుకుంటున్నాం. అమెరికాలో ఇలాంటి బండ్లు కొన్న మన తెలుగువాళ్లూ ఉన్నారు. పిల్లల్ని వెనక సీటులో కూర్చోబెట్టుకుని ఫ్రీవే ఎక్కేది ఈ బండిలోనే.

మొదట బండి లోపల ఏముందో చూద్దాం. ఇల్లినాయ్ రాష్ట్రంలోని నార్మల్ ఊళ్లో తయారై 2021 సెప్టెంబరులో బయటికొచ్చిన మొదటి తరం ట్రక్కులో నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు. ఆ మోటార్లు బాష్ సరఫరా చేసినవి, మొత్తం 835 హార్స్‌పవర్. 2024 జూన్‌లో వచ్చిన రెండో తరం ట్రక్కును రోడ్డు మీద చూసి గుర్తుపట్టడం కష్టం, బయటి రూపం అంతగా మారలేదు. అపోహకు సగం కారణం ఇదే. లోపల మాత్రం దాదాపు కొత్త బండి. 17 కంట్రోల్ యూనిట్లు ఉన్నచోట 7 మిగిలాయి. 1.6 మైళ్ల వైరింగ్, అంటే రెండున్నర కిలోమీటర్ల తీగ, తీసేశారు. 2025లో వచ్చిన రెండో తరం క్వాడ్‌లో మోటార్లు రివియన్ సొంతంగా తయారుచేసుకున్నవి, ఆయిల్‌తో చల్లబడేవి, 1,025 హార్స్‌పవర్.

ఏడు కంప్యూటర్ల కోసం రాసిన ప్రోగ్రామును పదిహేడు కంప్యూటర్లున్న బండిలోకి కాపీ చేయడమంటే ఏ ముక్క ఎక్కడికి పోవాలి? ఒక మోటారుకు లెక్కగట్టిన కరెంటు పరిమితిని వేరే మోటారుకు పెడితే ఏమవుతుంది? మూడు హెచ్‌పీ మోటారుకు ఐదు హెచ్‌పీ స్టార్టర్ బిగిస్తే బోరు ఎక్కువ నీళ్లు పోయదని మన ఊళ్లో ఏ రైతునడిగినా చెబుతాడు.

మోడ్ అంటే స్క్రీన్ మీది బొమ్మ అనుకోవడం దగ్గరే పొరపాటంతా మొదలవుతోంది. ఆల్ పర్పస్ నుంచి స్పోర్ట్‌కు మార్చి చూడండి. ఎయిర్ సస్పెన్షన్ గాలి వదిలి బండి కిందికి దిగుతుంది. డాంపర్లు బిగుసుకుంటాయి. పెడల్ అంతే నొక్కినా టార్క్ ఎక్కువ వస్తుంది. చక్రం ఎంత జారితే స్టెబిలిటీ కంట్రోల్ కలగజేసుకోవాలన్న గీత జరుగుతుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిన అంకెలు. రాక్ క్రాల్‌కు ఒక పట్టిక, ర్యాలీకి ఇంకొక పట్టిక. ఆ మోటార్లు, ఆ టైర్లు, ఆ బరువు పెట్టుకుని మంచులోనూ ఇసుకలోనూ రాళ్ల మీదా తిప్పి సాధించిన అంకెలు అవి.

కిక్ టర్న్‌నే తీసుకోండి, అందరికీ మోజు దాని మీదే. ఒకవైపు చక్రాలు ముందుకు, రెండోవైపు చక్రాలు వెనక్కు తిరుగుతూ బండిని దాదాపు ఉన్నచోటే తిప్పుతాయి. వదులు మట్టి మీద, రోడ్డు లేని చోట వాడటానికి చేసింది. వీడియోలో చూస్తే ఆటలాగే ఉంటుంది. బండి కింద ఏం జరుగుతోందో చూడండి. బరువంతా టైర్ల పక్క గోడల మీద అడ్డంగా ఈడ్చుకుపోతుంది. చక్రానికి బలం మోసే హాఫ్ షాఫ్టులు ఎదురు తిప్పుడుకు లోనవుతాయి. అసలు భారం ఇన్వర్టర్ మీద పడుతుంది. దానిలోని ట్రాన్సిస్టర్లు వంతులవారీగా కరెంటు మోస్తాయి. మోటారు జోరుగా తిరిగేటప్పుడు వంతు త్వరత్వరగా మారుతుంది కాబట్టి వేడి సమంగా పంచుకుంటాయి. చక్రం కదలీ కదలకుండా ఉన్నప్పుడు టార్క్ నిండా అడిగితే ఒకటి రెండు ట్రాన్సిస్టర్ల మీదే కరెంటు నిలిచిపోయి, వేడంతా అక్కడే పోగవుతుంది. దాన్ని ఎన్ని సెకన్లు భరించగలదో, ఎప్పుడు బలం తగ్గించాలో ఆ ఇన్వర్టర్‌ను పరీక్షించినవాళ్లకే తెలుసు. కొత్త ఇన్వర్టర్ అంకె పాత దానికి చెల్లదు.

ఇక రెండు మోటార్ల మొదటి తరం ట్రక్కుకు కూడా కిక్ టర్న్ పెడతామంటున్నారంటే వాళ్లకు బండి తెలియదన్నమాట. దానిలో ముందు చక్రాలు రెంటికీ కలిపి ఒకే మోటారు, వెనక రెంటికీ ఒకటి. కుడి చక్రాన్ని ముందుకూ ఎడమ చక్రాన్ని వెనక్కూ తిప్పాలంటే మోటార్లు వేరువేరుగా ఉండాలి. లేని మోటారును ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టదు.

"మరి మెనూలో కనిపిస్తోందిగా, స్క్రీన్‌షాట్ ఉందిగా" అంటారు. స్క్రీన్ నడిపే కంప్యూటర్ వేరు, చక్రాలకు టార్క్ ఆదేశాలిచ్చే కంప్యూటర్ వేరు. స్క్రీన్ కంప్యూటర్‌లోకి దూరి, ఏ బండికి ఏ మెనూ చూపాలన్న సెట్టింగు మారిస్తే బొమ్మ కనిపించవచ్చు. దాన్ని తాకితే ఒక అభ్యర్థన వెళ్తుంది. అవతలి కంప్యూటర్ దగ్గర ఆ పేరుతో పట్టికే లేకపోతే దాన్ని పక్కన పడేస్తుంది, లేదా ఎర్రర్ చూపి బలం తగ్గించేస్తుంది. స్క్రీన్‌షాట్‌కు డబ్బు కట్టకండి. బండి మట్టిలో తిరిగి చూపిస్తే అప్పుడు మాట్లాడదాం, అప్పుడైనా పైన చెప్పిన ఇన్వర్టర్ సంగతి గుర్తుపెట్టుకుని.

ప్రోగ్రామునే మార్చేస్తామనేవాళ్లకు ఇంకో అడ్డంకి ఉంది. ఈ కంప్యూటర్లు కంపెనీ డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామును తీసుకోవు. ఆ కాపలా ఎంత కచ్చితమో 2023 నవంబరులో రివియనే తెలుసుకుంది. 2023.42 అప్‌డేట్‌లో పొరపాటున తప్పు సెక్యూరిటీ సర్టిఫికెట్లున్న బిల్డ్ వెళ్లింది. కొన్ని బండ్లలో స్క్రీన్లు ఆరిపోయాయి. బండి నడుస్తుంది, స్పీడు ఎంతో కనిపించదు. పొరపాటు తమదేనని సాఫ్ట్‌వేర్ విభాగం అధిపతి వసీమ్ బెన్‌సయీద్ బహిరంగంగా రాశారు. తయారుచేసినవాళ్ల చేతిలోనే సర్టిఫికెట్ తప్పితే ఇంత జరిగింది. పార్కింగ్ లాట్‌లో లాప్‌టాప్ తెరిచే మనిషికి ఏదైనా తప్పితే మీ బండిని ఎవరు లేపుతారు?

ఇదంతా చెప్పాక ఒకటి ఒప్పుకోక తప్పదు, ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయినా. "తాళం వేసి దాచారు" అన్నది పూర్తిగా కల్పన కాదు. ఇదే రివియన్ రెండు మోటార్ల బండ్లకు 5,000 డాలర్లు తీసుకుని, స్పేర్ పార్టు ఒక్కటీ మార్చకుండా, వైర్‌లెస్ అప్‌డేట్‌తోనే 533 హార్స్‌పవర్‌ను 665 చేస్తోంది. బలం బండిలోనే ఉంది, తాళం చెవి అమ్ముకుంటున్నారు. 2017లో ఇర్మా తుఫాను ఫ్లోరిడా మీదికి వచ్చినప్పుడు టెస్లా కొన్ని కార్లలో సాఫ్ట్‌వేర్‌తో కట్టేసిన బ్యాటరీ భాగాన్ని ఊరు వదిలి వెళ్లేవాళ్ల కోసం తాత్కాలికంగా విప్పింది. జనానికి అనుమానం పుట్టిందంటే ఊరికే పుట్టలేదు. పైగా ఉన్నచోటే తిరిగే విద్యను ట్యాంక్ టర్న్ పేరుతో 2019లోనే వీడియోలో చూపించింది రివియనే. అది మొదటి తరం కొనుగోలుదార్ల చేతికి రానే లేదు. అడవి బాటలు పాడవుతాయన్న ఆందోళనను సంస్థ అధిపతి ఆర్.జె. స్కారింజ్ ఒక కారణంగా చెప్పారు. నాలుగు మోటార్ల పాత ట్రక్కు అలా తిరగడం భౌతికంగా అసాధ్యం కాదు. అసాధ్యమని నేనూ అనడం లేదు. తిరగగలగడం వేరు, వందసార్లు తిరిగాక కూడా షాఫ్టూ ఇన్వర్టరూ నిలబడతాయని ఎవరో ఒకరు పూచీ పడటం వేరు. ఆ పూచీ ఇవాళ ఎవరి దగ్గరా లేదు. ఏ మోడ్ ఏ కారణం వల్ల పాత బండికి రాదో, ఏది హార్డ్‌వేర్ అడ్డంకో, ఏది వ్యాపార నిర్ణయమో కంపెనీలు విడమరిచి చెబితే ఈ పుకార్లలో సగం పుట్టవు. చెప్పాల్సిన బాధ్యత వాళ్లది.

టెస్లా విషయంలో బయటివాళ్లు చేసి చూపించారు కదా అని కొందరు గుర్తుచేస్తారు. నిజమే. మోడల్ 3లో టెస్లా 2,000 డాలర్లకు అమ్మే యాక్సిలరేషన్ బూస్ట్‌కు పోటీగా కెనడాలోని ఇంజెనెక్స్ట్ ఒక మాడ్యూల్ అమ్మింది. పనిచేసింది కూడా, ఎందుకంటే బూస్ట్ ఉన్న కారుదీ లేని కారుదీ ఒకే హార్డ్‌వేర్. 2020 ఆగస్టులో వచ్చిన అప్‌డేట్ దాన్ని పసిగట్టి, సరిపడని మార్పు ఉందని స్క్రీన్ మీద హెచ్చరిక పెట్టింది. అప్పటినుంచి ప్రతి అప్‌డేట్‌కూ దాగుడుమూతలే. దాగుడుమూతలకు భయపడి అప్‌డేట్లే ఆపేసుకునేవాళ్లున్నారు. రీకాల్ సవరణలు కూడా ఆ దారినే వస్తాయి, దయచేసి ఆపకండి.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు అక్కర్లేదు. పాత ట్రక్కులకు కొత్త మోడ్లు అసలు రావన్నది తప్పు: క్యాంప్ మోడ్, సాఫ్ట్ శాండ్, స్నో మోడ్ మొదటి తరం బండ్లకు అమ్మిన తర్వాత అప్‌డేట్‌లోనే వచ్చాయి. కన్జర్వ్ మోడ్‌లో రేంజ్ రెట్టింపు కాదు, కొంత పెరుగుతుంది, ముందు టైర్లు త్వరగా అరుగుతాయి. అప్‌డేట్ తర్వాత బండి మందగించిందనేవాళ్లు చార్జింగ్ ఎంతుందో, బ్యాటరీ చల్లగా ఉందో చూసుకోండి. ఆ రెండూ తగ్గితే బలమూ తగ్గుతుంది.

చట్టం సంగతికి వస్తే రెండు వైపులా అతిశయోక్తులే. సొంత బండి సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోవడమే నేరం అనేవాళ్లకు: మరమ్మతు కోసం, చట్టబద్ధమైన మార్పుల కోసం తాళం తీసుకోవచ్చని అమెరికా కాపీరైట్ చట్టం కింద 2015లో మినహాయింపు ఇచ్చారు, తర్వాత పొడిగిస్తూ వస్తున్నారు. ఏం చేసినా పర్లేదు అనేవాళ్లకు: ఈ తరహా బండికి స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి, అలాంటి భద్రతా ఏర్పాటును పనిచేయకుండా చేయడం మరమ్మతు షాపులకు ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. వారంటీ విషయంలో, మార్పు చేశారని మొత్తం కొట్టిపారేయడానికి వీల్లేదు, ఆ మార్పు వల్లే చెడిందని కంపెనీ చూపాలి. ఇన్వర్టర్ కాలిపోయినప్పుడు దాన్ని చూపడం వాళ్లకు పెద్ద కష్టం కాదు.

ఇండియాలో ఉన్నవాళ్లు ఇది మనది కాదని పేజీ తిప్పేయకండి. గంటకు 25 కిలోమీటర్లు, 250 వాట్లు దాటని ఎలక్ట్రిక్ స్కూటరుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. షాపులో దాని స్పీడు పెంచిస్తే ఆ మినహాయింపు పోతుంది. రిజిస్టర్ చేయని బండితో యాక్సిడెంట్ అయితే బీమా ఉండదు. వాహనంలో అనుమతి లేని మార్పు చేస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019 మోటారు వాహనాల చట్ట సవరణలోనే ఉంది. ఇంటర్ చదివే పిల్లాడి చేతిలో ఉండేది ఎక్కువగా ఆ స్కూటరే.

ఆర్1టీ సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు అమ్మేవాళ్ల మాట వినకముందు ముందు అద్దం కింద ఉన్న విన్ (వాహన గుర్తింపు) నంబరులో పదో అక్షరం చూడండి. ఎన్ అంటే 2022, పి అంటే 2023, ఆర్ అంటే 2024: మూడూ మొదటి తరమే. ఎస్ అంటే 2025, రెండో తరం. తర్వాత మోటార్లు ఎన్నో అడగండి, నోటితో చెప్పింది కాకుండా కాగితం మీద చూడండి. టెస్ట్ డ్రైవ్‌లో మెనూ తెరిచి ఏ మోడ్లున్నాయో ఫోటో తీసుకోండి. ఇవాళ ఆ మెనూలో ఉన్నవాటికే ధర కట్టండి. రేపు వస్తాయన్న వాటికి ఒక్క డాలరు కూడా కలపకండి. ముందు యజమాని ఎవరిచేతనైనా సాఫ్ట్‌వేర్ మార్పించాడని తెలిస్తే, సర్వీస్ సెంటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించి, రిపోర్టు చేతికిచ్చేదాకా సంతకం పెట్టకండి.