వల గుడారము – దోమకు అడ్డు, గాలికి దారి

కార్తీకమాసము వచ్చినదనగా వనభోజనములకు ప్రయాణములు మొదలగును. చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలమున, పలమనేరునుండి కుప్పము పోవు త్రోవకు చేరువగా కైగల్ జలపాతము కలదు. దీనిని దుముకురాళ్ల జలపాతమనియు పిలుతురు. చుట్టును అడవి, బండలమీదుగా దుముకు నీరు, చల్లని నీడ. ఉల్లాసయాత్రకు వచ్చిన విద్యార్థులకు ఇంతకంటె కావలసినదేమి? కాని విస్తరి వేయగానే పిలువని అతిథులు వచ్చి వ్రాలును. ఈగలు అన్నముమీదను, నుసుములు కన్నులచుట్టును మూగును. సాయంకాలమగుసరికి కాళ్లపై తెల్లని చారలుగల నల్లదోమలు వచ్చును. చీకటి పడగానే వేరుజాతి దోమలు బయలుదేరును. మొదటివి డెంగీ జ్వరమును, రెండవవానిలో కొన్ని మలేరియాను మోయగలవు. ఒక పూట వినోదమునకై పోయి పదిదినములు మంచమెక్కుట ఎవరికిని ఇష్టము కాదు.

దీనికి ఒక సులువైన ఉపాయము వల గుడారము. నాలుగు కర్రలు, నాలుగు ప్రక్కల సన్నని వల, పైన ఒక కప్పు. ఇంతకుమించి ఇందులో ఏమియు లేదు. మడిచిన చేతిసంచిలో ఇమిడిపోవును. లోపల పదిమంది కూర్చుండి భోజనము చేయవచ్చును. చూచుటకు ఇంత సామాన్యమైన వస్తువు ఎట్లు పనిచేయును? ఎచ్చట విఫలమగును?

పట్టుపురుగుల షెడ్డు నేర్పు పాఠము

ఈ ప్రశ్నలకు జవాబు బైరెడ్డిపల్లె చుట్టుపట్ల పల్లెలలోనే దొరకును. పలమనేరు, మదనపల్లె, కుప్పము ప్రాంతములలో మల్బరీ తోటలు పెంచి పట్టుపురుగులను మేపు రైతులు పెక్కురు కలరు. పట్టుపురుగునకు ఊజీ ఈగ ప్రబల శత్రువు. ఈ ఈగ 1980లో పశ్చిమ బెంగాలునుండి కర్ణాటకమునకు చేరి, అటనుండి చుట్టునున్న రాష్ట్రములకు వ్యాపించెను. ఇది పురుగు వంటిమీద గ్రుడ్డు పెట్టును. రెండు మూడు దినములలో గ్రుడ్డు పగిలి, పిల్లపురుగు పట్టుపురుగు శరీరములోనికి తొలుచుకొని పోవును. లోపలికి దూరినచోట ఒక నల్లమచ్చ మాత్రము మిగులును. వారము గడచునప్పటికి పట్టుపురుగు చచ్చుటయో, లేక అల్లిన గూటికి రంధ్రము పడుటయో జరుగును. రంధ్రము పడిన గూటినుండి ఒకే పోగుగా దారము తీయుట సాధ్యము కాదు. రైతు శ్రమ వ్యర్థమగును.

అందుచేత రైతులు షెడ్డు కిటికీలకును ద్వారములకును నైలాను వల కట్టుదురు. అయితే అనుభవజ్ఞులు అంతటితో ఆగరు. ద్వారమునకు ముందు వలతో ఒక చిన్న గదిని కట్టుదురు. మనిషి మొదటి తలుపు తీసి లోనికి వచ్చి, దానిని మూసిన పిమ్మటనే రెండవ తలుపు తీయును. రెండు తలుపులును ఒకేసారి తెరచియుండవు గనుక ఈగకు దారి దొరకదు. గోడకు ఎంత మంచి వల కట్టినను, తలుపు బార్లా తెరచియుంచినచో ఆ వల లేనట్లే. వల గుడారమునకును ఇదే మొదటి సూత్రము.

రంధ్రము ఎంత ఉండవలెను?

వల ప్రయోజనమంతయు దాని రంధ్రముమీద ఆధారపడియున్నది. దోమలను ఆపుటకు రంధ్రము 1.2 నుండి 1.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నచో చాలును. అంతకంటె పెద్దదైనచో దోమ రెక్కలు ముడిచి దూరగలదు. నుసుములను ఆపుటకు అందులో సగము వెడల్పు కావలెను. మదనపల్లె ప్రాంతపు టమోటా నారుమళ్లను చూచినవారికి ఇంకను సన్నని వల తెలిసియుండును. అది ఆకుముడుత తెగులును మోయు తెల్లదోమను ఆపుటకు కట్టునది. దానిని 40 లేక 50 మెష్ వల అందురు. అనగా ఒక అంగుళము పొడవున 40 లేక 50 దారములు ఉండునని అర్థము. 50 మెష్ వలలో రంధ్రము మిల్లీమీటరులో నాలుగవ వంతునకు కొంచెము ఎక్కువ.

అట్లయిన అన్నింటికంటె సన్నని వలనే గుడారమునకు ఏల వాడరాదు? గాలి ఆడవలెను గదా! ఇచ్చట చిన్న లెక్క ఉపకరించును. రంధ్రము వెడల్పును, రంధ్రము, దారము కలిసిన వెడల్పుతో భాగించి, వచ్చినదానిని వర్గము చేసినచో వలలో ఖాళీభాగమెంతో తెలియును. రంధ్రము 1.2 మి.మీ., దారము 0.3 మి.మీ. అనుకొందము. 1.2ను 1.5తో భాగించి వర్గము చేయగా 0.64, అనగా నూటికి 64 పాళ్లు ఖాళీ. దారము అంతే ఉంచి రంధ్రమును 0.6కు తగ్గించినచో ఖాళీ నూటికి 44 పాళ్లకు పడిపోవును. తెల్లదోమను ఆపు వలలో ఇది 28 పాళ్ల వరకు దిగవచ్చును. దారముల అంచులను రాచుకొనుచు పోవునపుడు గాలి వేగము మరికొంత క్షీణించును. నారుమడి వలయింటిలో మధ్యాహ్నమందు ఉక్కపోయుట ఇందువల్లనే.

ఇక దారమును సన్నగిల్లజేసి చూడుడు. రంధ్రము 0.6 మి.మీ. గానే ఉంచి, దారము 0.1 మి.మీ. అయినచో ఖాళీ నూటికి 73 పాళ్లు! నుసుము లోనికి రాదు, గాలియు ఆగదు. కావున మంచి వల రహస్యము రంధ్రము చిన్నదగుటలో మాత్రమే లేదు. దారము సన్నదై, గట్టిదై ఉండుటలో ఉన్నది. నూలుదారముతో ఇది కష్టము. నైలాను, పాలియెస్టరు వంటి కృత్రిమపు పోగులు వచ్చిన తరువాతనే ఇది సులభమైనది.

బరువు లెక్క

పోగు లావును కొలుచు మానము డెనియరు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లు. ఈ కొలత పట్టు వ్యాపారమునుండియే వచ్చినది. పట్టుగూటి పోగు రెండు మూడు డెనియర్లుండును. దోమతెరలకు సాధారణముగా 75 లేక 100 డెనియర్ల పాలియెస్టరు దారమును వాడుదురు. 100 డెనియర్ల వల చదరపు మీటరునకు సుమారు 40 గ్రాములు తూగును.

మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తుగల గుడారమునకు ప్రక్కలు 24, కప్పు 9, మొత్తము 33 చదరపు మీటర్ల వల కావలెను. దాని బరువు 1,320 గ్రాములు. చదరపు మీటరునకు 350 గ్రాములుండు కాన్వాసుతో అదే గుడారము కుట్టినచో పదకొండున్నర కిలోలు దాటును. మొదటిదానిని ఒక విద్యార్థి భుజమున వేసుకొని కొండ ఎక్కగలడు. రెండవదానికి బండి కావలెను.

సికిందరాబాదు, ఓస్టియా

వల విలువను శాస్త్రము ఋజువు చేసిన కథలో తెలుగుదేశమునకు చోటు కలదు. 1897 ఆగస్టులో సికిందరాబాదున రోనాల్డ్ రాస్ ఒక మలేరియా రోగిని దోమతెరలో పరుండబెట్టి, పిల్లపురుగుల దశనుండి తాను పెంచిన దోమలను ఆ తెరలోనికి వదలెను. రోగి రక్తము త్రాగిన ఆ దోమలను కోసి పరీక్షించి, ఆగస్టు 20న వాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. రాస్ తెరను వాడినది దోమలను వెలుపల ఉంచుటకు కాదు, లోపల ఉంచుటకు. వలకు లోపల, వెలుపల అను భేదము లేదు. ఎటునున్న దోమను అటే నిలుపును.

మూడేండ్లకు ఈ సత్యమును తలక్రిందులు చేసి చూచిరి. ఇటలీలో రోము నగరమునకు సమీపమున ఓస్టియా ప్రాంతము అప్పట్లో మలేరియాకు పేరుమోసినది. 1900లో పాట్రిక్ మాన్సన్ ఏర్పాటుపై సాంబన్, లో అను ఇద్దరు వైద్యులు అచ్చట కిటికీలకును తలుపులకును సన్నని వల కట్టిన చెక్కయింటిలో మలేరియా కాలమంతయు గడపిరి. పగలు అందరివలెనే తిరిగిరి. ప్రొద్దు గ్రుంకకముందే ఇంటిలో చేరి, తెల్లవారువరకు బయటికి రాలేదు. క్వినైను పుచ్చుకొనలేదు. అయినను వారికి జ్వరము రాలేదు. వారిని కాపాడినది మందు కాదు. వలయు, వేళ తప్పని నియమమును.

గుడారము వేయు విధము

పై సంగతులనుబట్టి నియమములు వాటంతట అవే తేలును.

మొదటిది, వేళ. చారలదోమ ఉదయమునను సాయంకాలమునను కుట్టును. మలేరియా దోమ ప్రొద్దు గ్రుంకినది మొదలు తెల్లవారువరకు కుట్టును. దోమలు కనబడిన తరువాత గుడారము వేసినచో అవియు లోపలనే చిక్కును. చిక్కిన ఒక్క దోమ పదిమందిని వరుసగా కుట్టగలదు. కనుక ఎండ ఉండగనే వేసి, మూసి, లోపల వెదకి, ఉన్నవానిని తరిమివేయవలెను.

రెండవది, అంచు. వల నేలకు తాకి, పైగా ఒక జానెడు పరచుకొనవలెను. ఆ అంచుమీద ఇసుకయో రాళ్లో ఉంచవలెను. బండ నేలపై మేకులు దిగవు గనుక త్రాళ్లను బరువైన రాళ్లకు కట్టవలెను.

మూడవది, ద్వారము. రెండు వల పరదాలు ఒకదానిపై ఒకటి మూరెడు పడునట్లు వ్రేలాడవలెను. పట్టుపురుగుల షెడ్డువలె ముందుగది ఉన్నచో మరియు మేలు.

నాలుగవది, ఎడము. వలకు వీపు ఆనించి కూర్చున్నవానిని దోమ వల బయటనుండియే కుట్టును. దాని తుండమునకు ఏ రంధ్రమైనను చాలును.

ఐదవది, రంగు. తెల్లని దారము ఎండను చెదరగొట్టి కంటికి తెరవలె అడ్డుపడును. నల్లని దారము వెలుగును మ్రింగివేయుటచే వల అవతలి దృశ్యము స్పష్టముగా కనబడును. జలపాతమును చూచుచు భోజనము చేయగోరువారు నల్లవలను కోరుకొనవలెను.

వల చేయలేని పనులు

వల వానను ఆపదు. కప్పునకు నీరు దిగని గుడ్డ కావలెను. నైలాను, పాలియెస్టరు వేడికి కరగిపోవును గనుక పొయ్యి, కర్పూరము, అగరువత్తి వలకు దూరముగా ఉండవలెను. కొండతేనెటీగలు ఎత్తైన బండలకును చెట్లకును పట్లు పెట్టును. వాని క్రింద పొగ పెట్టినచో అవి రేగును. కావున గుడారము వేయుటకు ముందు తల పైకెత్తి చూడవలెను. అన్నిటికంటె ముఖ్యము: పలమనేరు, కుప్పము అడవులు కౌండిన్య అభయారణ్యమునకు చేరినవి, అచ్చట ఏనుగులు సంచరించును. దోమను ఆపిన వల ఏనుగును ఆపదు. చీకటి పడకముందే విద్యార్థులను ఊరు చేర్చుట ఉపాధ్యాయుల విధి.

తరగతిలో చేయదగిన పరీక్ష

దోమతెర ముక్క, స్కేలు, భూతద్దము తీసుకొనుడు. ఒక అంగుళము పొడవున ఎన్ని దారములున్నవో లెక్కించుడు. 25.4ను ఆ సంఖ్యతో భాగించినచో రంధ్రము, దారము కలిసిన వెడల్పు మిల్లీమీటర్లలో వచ్చును. దారము లావును భూతద్దముతో అంచనా కట్టి, పైన చెప్పిన రీతిని ఖాళీభాగమును గణించుడు. పిమ్మట చీకటిగదిలో తెర కట్టి, లోపల టార్చిదీపము వెలిగించి, బయటనుండి అంచులను, కుట్లను, ద్వారమును పరిశీలించుడు. అడ్డులేని వెలుతురు ఎచ్చట సూటిగా కంటికి తగులునో అచ్చట సందు కలదు. వలలో వేలకొలది రంధ్రములు సరిగా ఉన్నను దోమ వెదకునది ఆ ఒక్క సందునే. దానిని విద్యార్థి ముందుగా కనుగొనినచో గుడారము తన పని తాను చేయును.