సగం ఫ్యాక్టరీలో, సగం పడవ మీద: రాడార్ యాంటెన్నా కథ

షామీర్‌పేట చెరువు నుంచి మేడ్చల్ పట్టణానికి నేరుగా గీత గీస్తే దాదాపు 9 కిలోమీటర్లు. సముద్రం మీద తిరిగేవాళ్ల లెక్కలో అది దాదాపు 5 నాటికల్ మైళ్లు. చీకట్లోనో, మంచులోనో, వానలోనో మరబోటు నడిపే సరంగు తన చుట్టూ కనీసం అంత మేర ఏముందో తెలుసుకోవాలనుకుంటాడు. ఆ సంగతి చెప్పేది పడవ నెత్తిన తిరిగే రాడార్ యాంటెన్నా. దాన్ని చెరువు కట్ట మీద నిలబెట్టి, దారిలో గుట్టలూ భవనాలూ అడ్డు లేవనుకుంటే, దాని తరంగం మేడ్చల్‌ను తాకి వెనక్కి రావడానికి 60 మైక్రోసెకన్లు చాలు. ఈ యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండు ఊళ్ల మధ్య దూరాన్నే కొలబద్దగా పెట్టుకుందాం.

ఇక్కడి నుంచి తీరం 250 కిలోమీటర్లకు పైనే. అయినా 2016లో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాకు కడలితో గట్టి సంబంధమే ఉంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, చేపలు దొరికే అవకాశమున్న తావులను మత్స్యకారులకు తెలియజేస్తుంది. 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం పనిచేస్తున్నదీ అక్కడే. 1967లో అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో మొదలైన ఈసీఐఎల్, అంటే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, కూడా ఈ జిల్లాలోనే ఉంది. చంద్రయాన్-1 కోసం బెంగళూరు దగ్గరి బ్యాలాలులో వెలసిన 32 మీటర్ల యాంటెన్నా ఆ సంస్థ కట్టిందే. అంత పెద్ద యాంటెన్నాకైనా, పడవ మీది చిన్న యాంటెన్నాకైనా పాటించాల్సిన నియమాలు ఒకటే: ఎక్కడ నిలబెట్టాం, ఎటు గురిపెట్టాం, తీగలు ఎలా కలిపాం. ఫ్యాక్టరీ నుంచి వచ్చే రాడార్ సగం రాడారే. మిగతా సగం పడవ మీద తయారవుతుంది.

ఓడ కోసం పుట్టిన ఆలోచన

1904 మే నెలలో జర్మనీలోని కొలోన్ నగరంలో, రైన్ నది వంతెన దగ్గర క్రిస్టియన్ హూల్స్‌మెయర్ అనే 22 ఏళ్ల యువకుడు ఓ పరికరాన్ని ప్రదర్శించాడు. నదిలో పడవ దగ్గరికొస్తే గంట మోగింది. పడవను తాకి తిరిగొచ్చిన రేడియో తరంగాలే ఆ గంటను మోగించాయి. మంచులో ఓడలు ఢీకొనకుండా కాపాడాలన్నదే అతని తపన. జూన్‌లో రోటర్‌డామ్ రేవులోనూ చూపించాడు. కానీ ఆ పరికరం వస్తువు ఉందని చెప్పేదే తప్ప ఎంత దూరంలో ఉందో నేరుగా చెప్పలేకపోయింది. కొనేవాళ్లు రాలేదు.

అంతకుముందే, 1890లలో, కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలను పుట్టించి, బోలు గొట్టాల గుండా, గరాటు మూతుల గుండా నడిపించారు. నేటి రాడార్లలోని వేవ్‌గైడ్‌కూ హార్న్‌కూ ఆయన వాడినవే పూర్వరూపాలు. తరంగం ఎంత పొట్టిదైతే దాన్ని గురిపెట్టే యాంటెన్నా అంత చిన్నదిగా ఉండొచ్చు. కాని పొట్టి తరంగాలను బలంగా పుట్టించే సాధనం 1940 దాకా దొరకలేదు. ఆ ఏడాది ఫిబ్రవరి 21న బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ రాగి దిమ్మెలో గదులు తొలిచి చేసిన మాగ్నెట్రాన్, పది సెంటీమీటర్ల పొడవుకు కాస్త తక్కువ తరంగాలను దాదాపు 400 వాట్ల బలంతో వెలువరించింది. మరుసటి ఏడాదే దానితో నడిచే రాడార్ చిన్న యుద్ధనౌకల మీదికి ఎక్కింది. యుద్ధం ముగిశాక సరుకు ఓడలకూ, ఆపైన చేపల పడవలకూ చేరింది.

యాంటెన్నాకు నేటి రూపం కూడా యుద్ధకాలంలోనే వచ్చింది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో విలియం వాట్సన్ బృందం లోహపు గొట్టానికి వరసగా చీలికలు కోసి దాన్నే యాంటెన్నాగా మార్చింది. పడవల మీద తిరిగే ఆ అడ్డుబద్దలో చాలావాటి లోపల ఉన్నది ఇలాంటి గొట్టమే. మూడు సెంటీమీటర్ల తరంగానికైతే చీలికల మధ్య ఎడం రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. పక్కపక్క చీలికలు ఎదురెదురు వాలుతో ఉంటాయి కనుక అన్నిటి నుంచీ తరంగాలు ఒకే లయలో బయటికొస్తాయి. ముందు దిశలో ఒకదానికొకటి బలమిచ్చుకుంటాయి, పక్క దిశల్లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అలా ఏర్పడే పుంజం, నిలబెట్టి పట్టుకున్న తాటాకు విసనకర్రలా, అడ్డంగా పలుచగానూ నిలువునా 20 నుంచి 25 డిగ్రీల వెడల్పుగానూ ఉంటుంది. నిలువు వెడల్పు కావాలని ఉంచినదే. పడవ పది డిగ్రీలు ఒరిగినా పుంజం సముద్ర మట్టాన్ని విడిచిపోదు.

అడ్డం వెడల్పు మాత్రం యాంటెన్నా పొడవును బట్టి మారుతుంది. 1.2 మీటర్ల బద్దకు దాదాపు 1.9 డిగ్రీలు. అంటే షామీర్‌పేటలో బయల్దేరిన పుంజం మేడ్చల్ చేరేసరికి సుమారు 300 మీటర్ల వెడల్పవుతుంది. 60 సెంటీమీటర్ల యాంటెన్నాకైతే సుమారు ఆరు వందల మీటర్లవుతుంది. ఐదు వందల మీటర్ల ఎడంతో పక్కపక్కన వస్తున్న రెండు పడవలను పెద్ద యాంటెన్నా రెండుగా చూపిస్తే, చిన్నది ఒకే మచ్చగా కలిపేస్తుంది. పది సెంటీమీటర్ల తరంగం వానను బాగా చీల్చుకుపోతుంది గానీ, అంతే సన్నని పుంజం కావాలంటే బద్ద మూడు రెట్లు పొడవుండాలి. చిన్న పడవ దాన్ని మోయలేదు.

ఎక్కడ నిలబెట్టాలి

మైక్రోవేవ్‌లు దాదాపు తిన్నగా పోతాయి, భూమి మాత్రం గుండ్రన. వాతావరణం తరంగాన్ని కొద్దిగా కిందికి వంచుతుంది కాబట్టి రాడార్‌కు కంటిచూపు కన్నా కాస్త ఎక్కువ దూరం అందుతుంది. లెక్క తేలిక: యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.2తో గుణిస్తే నాటికల్ మైళ్లలో దూరం వస్తుంది. నాలుగు మీటర్ల ఎత్తుకు 4.4 మైళ్లు, అంటే ఎనిమిది కిలోమీటర్లు. తొమ్మిది మీటర్లకైతే 12 కిలోమీటర్లు. నీటికి అంటుకుని తేలే తెప్ప మేడ్చల్ దూరంలో ఉంటే మొదటి యాంటెన్నా నుంచి దాన్ని భూమి వంపే దాచేస్తుంది. యాంటెన్నాకు పవర్ ఎంత పెంచినా లాభం లేదు.

అలాగని ఎత్తు పెంచుకుంటూ పోనూ కూడదు. పైబరువు పెరిగితే పడవ నిలకడ తగ్గుతుంది. దగ్గరి అలల ప్రతిధ్వని పెరుగుతుంది, పడవ పక్కనే ఉన్న వస్తువు పుంజం కింద దాక్కుంటుంది. మనుషులు నిలబడే చోట పుంజం వాళ్ల తలలకు పైన పోవాలి. మాస్టు, పొగగొట్టం, లైట్ల స్తంభం అడ్డొచ్చిన దిక్కున నీడ పడుతుంది. తప్పించలేని నీడను ముందుకు గానీ కుడివైపుకు గానీ పడనివ్వకూడదు. సముద్ర నియమాల ప్రకారం, మన దారికి అడ్డంగా వచ్చే ఓడ కుడివైపున ఉంటే దారివ్వాల్సింది మనమే. జీపీఎస్ యాంటెన్నా పుంజానికి ఎదురుగా ఉండకూడదు. మాగ్నెట్రాన్‌లో బలమైన అయస్కాంతం ఉంటుంది గనుక దిక్సూచికి తయారీదారు చెప్పినంత దూరం వదలాలి.

తీగల సంగతి

పాత ఓడల్లో మాగ్నెట్రాన్ కింది గదిలో ఉండేది. అక్కడి నుంచి మాస్టు పైదాకా దీర్ఘచతురస్రపు లోహపు గొట్టం తరంగాన్ని మోసేది. ఎక్కడో ఓ అతుకు దగ్గర నీటిచుక్క దూరితే చాలు, రాడార్ చూపు మందగించేది. తర్వాత మాగ్నెట్రాన్‌ను యాంటెన్నా కింది పెట్టెలోకే ఎక్కించారు. ఇప్పుడు మాస్టు మీదుగా కిందికి దిగేవి కరెంటు తీగలు, సంకేతాల తీగలు మాత్రమే. పని సులువైందని కొందరు అజాగ్రత్త పడేది ఇక్కడే.

ఒక లెక్క చూద్దాం. 12 వోల్టుల బ్యాటరీ, 60 వాట్ల రాడార్. అంటే 5 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి యాంటెన్నాకు 15 మీటర్లు, రానూపోనూ 30 మీటర్ల రాగి. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే దారిలోనే 1.75 వోల్టులు పోతాయి. పైన అందేది 10.25. చాలా చిన్న రాడార్లకు కనీసం 10.8 వోల్టులు కావాలి. ఇంజిన్ ఆపి వల లాగుతున్న రాత్రి ఆ సెట్టు ఆగిపోతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి ఉంటే నష్టం 0.66 వోల్టులే. తీగ దగ్గర మిగిల్చిన కొద్ది డబ్బు సరిగ్గా అవసరమైన వేళ చూపును పోగొడుతుంది.

ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి. ఉప్పుగాలికి తట్టుకునేలా తగరపు పూత ఉన్న రాగి తీగ వాడాలి. కేబుల్ గోడలోకి దూరే ముందు కిందికి ఓ వంపు వదిలితే నీరు ఆ వంపు నుంచే కారిపోతుంది. వీహెచ్ఎఫ్ రేడియో కేబుల్‌తో కలిపి కట్టకూడదు, మధ్యలో కోసి అతకకూడదు. చెక్క పడవైతే ఎర్తింగ్ కోసం నీటిలో ఉండే రాగి పలకకు తీగ కలపాలి. మాగ్నెట్రాన్ వేల వోల్టుల మీద నడుస్తుంది. మాస్టు ఎక్కేముందు సెట్టు ఆపడం ఒక్కటే చాలదు. ఫ్యూజు తీసి, ఎక్కేవాడే దాన్ని తన జేబులో పెట్టుకోవాలి. కింద ఎవరో తెలియక స్విచ్ వేస్తే తిరిగే బద్ద మనిషిని కిందికి తోసేయగలదు.

దిక్కు, దూరం

బిగించడం అయ్యాక రెండు సర్దుబాట్లు మిగులుతాయి. మొదటిది దిక్కు. యాంటెన్నా పీఠం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి ఉన్నా, మేడ్చల్ దూరంలోని పడవ తెర మీద సుమారు 160 మీటర్లు పక్కన కనిపిస్తుంది. ఎదురుగా వస్తున్నది పక్కనుంచి పోతుందని సరంగు నమ్ముతాడు. అందుకే రేవు బయట ఒంటరిగా ఉన్న బోయాకు పడవ ముక్కును కంటితో గురిపెట్టి, తెర మీది చుక్క, పడవ ముక్కు దిశను చూపే ముందుగీత మీదికి వచ్చేదాకా సరిచేయాలి.

రెండోది దూరం. కేబుల్‌లో సంకేతం వెలుగు కన్నా నెమ్మదిగా నడుస్తుంది. పది మీటర్ల కేబుల్‌లో ఆదేశం పైకి వెళ్లి, జవాబు కిందికి రావడానికి పట్టే సమయం దూరంలో 15 మీటర్ల తేడా తెస్తుంది. ఈ తేడాను తీసేయకపోతే తిన్నని జెట్టీ గోడ తెర మీద వంగి కనిపిస్తుంది. గోడ తిన్నగా అయ్యేదాకా సరిచేయడమే పరీక్ష.

పడవ రాడార్ వద్దనుకునే అలల ప్రతిధ్వనినే ఏరి కోరి వినే రాడార్లు కూడా మన తీరంలో ఉన్నాయి. మచిలీపట్నం, యానాంలలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నెలకొల్పిన రాడార్లు నాలుగైదు మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద నడుస్తాయి. తమ తరంగంలో సగం పొడవున్న అలల నుంచి వచ్చే జవాబు పౌనఃపున్యం ఎంత మారిందో చూసి ఉపరితల ప్రవాహాల వేగాన్ని లెక్కిస్తాయి. ఆ సమాచారం ప్రగతినగర్‌కు చేరుతుంది. అక్కడా గురి తప్పిన యాంటెన్నా ప్రవాహాన్ని తప్పు దిక్కున చూపిస్తుంది.

నమ్మకానికి తగిన పని

1956 జులై 25 రాత్రి అమెరికా తీరం దగ్గర మంచులో ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే రెండు ఓడలు ఢీకొన్నాయి. 51 మంది చనిపోయారు. రెండు ఓడల్లోనూ రాడార్ పనిచేస్తూనే ఉంది. తెర మీది చుక్కలను సరిగా చదవకపోతే రాడార్ ధైర్యమే ప్రమాదమవుతుందని ఆ రాత్రి నేర్పింది. 1972 అంతర్జాతీయ నియమాలు, రాడార్ బిగించి, అది పనిచేస్తూ ఉంటే దాన్ని సరైన రీతిలో వాడి తీరాలని అంటాయి. చదివేవాడి తప్పు లేకుండా చూసుకోవాల్సింది చదివేవాడు. తెర తప్పు చెప్పకుండా చూడాల్సింది బిగించినవాడు.

మేడ్చల్, షామీర్‌పేట పరిసరాల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా వేవ్‌గైడ్లు, యాంటెన్నాల పాఠాలు సాగుతాయి. ఆ పిల్లలు ఒక్కసారైనా విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో ఓ మరబోటు ఎక్కి, వోల్ట్‌మీటరుతో మాస్టు పైన ఎంత వస్తుందో కొలవాలి. పని ముగించే ముందు ఒక కాగితం రాయాలి. ఏ దిక్కున నీడ ఉంది, ఎన్ని డిగ్రీల సర్దుబాటు చేశారు, ఏ తీగ వేశారు, ఫ్యూజు ఎక్కడ, ఎంతది అన్నవి అందులో ఉండాలి. ఆ కాగితాన్ని చుక్కాని దగ్గర అంటించి, సరంగుకు చదివి వినిపించి, అతను అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాకే రాడార్ బిగించామని అనాలి.