గిట్‌ఆప్స్

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం పిల్లలకు ఐటీ కొలువంటే ముందుగా గుర్తొచ్చేది బెంగళూరే. అక్కడి ఉద్యోగ ప్రకటనల్లో ఇప్పుడు కనిపిస్తున్న మాట గిట్‌ఆప్స్.

పెద్ద యాప్‌లు ఇవాళ కంటైనర్లనే చిన్న ప్యాకెట్లుగా విడివిడిగా నడుస్తాయి. అనేక సర్వర్ల మీద వాటిని నడిపించేది 2014లో గూగుల్ బయటపెట్టిన కుబర్నెటిస్. ఏ వెర్షన్ నడవాలి, ఎన్ని కాపీలు ఉండాలి అన్నది ఇంజినీరు తన కంప్యూటర్ నుంచే ఆదేశాలిచ్చి మారిస్తే, ఎందుకు మార్చారో తర్వాత తేల్చడం కష్టం. గిట్‌ఆప్స్‌లో ఆ వివరాలన్నీ గిట్‌లో ఫైళ్లుగా ఉంటాయి. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాసిన గిట్ ప్రతి మార్పునూ పేరుతో, తేదీతో దాస్తుంది. సాధారణంగా తోటివారు చూసి ఒప్పుకున్నాకే మార్పు అమల్లోకి వస్తుంది. ఆర్గో సీడీ, ఫ్లక్స్ వంటి సాఫ్ట్‌వేర్ గిట్‌లో రాసినదాన్నీ ఆ సర్వర్ల సమూహంలో, అంటే క్లస్టర్‌లో నడుస్తున్నదాన్నీ అదేపనిగా పోల్చి చూస్తుంది. అలా అమర్చుకుంటే తేడాను దానంతటదే సరిచేస్తుంది. అర్ధరాత్రి కొత్త వెర్షన్ మొరాయిస్తే గిట్‌లో మార్పును వెనక్కి తీసుకోవచ్చు. డేటాబేస్‌లో చెడిన సమాచారం మాత్రం దాంతో తిరిగి రాదు.

2017లో గిట్‌ఆప్స్ అన్న పేరు పెట్టింది వీవ్‌వర్క్స్ అనే కంపెనీ అధినేత అలెక్సిస్ రిచర్డ్‌సన్. ఆ కంపెనీ 2024లో మూతపడినా, అది తయారుచేసిన ఫ్లక్స్ ఓపెన్ సోర్స్ కాబట్టి సాగుతూనే ఉంది. అదే ఫ్లక్స్ అసలు బలం.

డబ్బు కట్టకుండానే, సొంత ల్యాప్‌టాప్‌లోనే కుబర్నెటిస్‌ను నడిపే మినీక్యూబ్ వేసుకుని ఇదంతా నేర్చుకోవచ్చు. పాస్‌వర్డ్‌లను మాత్రం ఆ ఫైళ్లలో నేరుగా రాయకండి. తర్వాత తుడిచినా గిట్ చరిత్రలో ఉండిపోతాయి.