గుమ్మడి ఆకుకు వెండి రంగు ఎందుకు వస్తుంది?

"సార్, మా పాదుకు ఎవరో వెండి రంగు వేసినట్టుంది" అంటూ మా తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒక గుమ్మడి ఆకు తెచ్చాడు. కౌలు చేనులో గుమ్మడి వేసిన వాళ్ల నాన్న, అది బూడిద తెగులనుకుని అప్పటికే రెండుసార్లు మందు కొట్టాడట. డబ్బు పోయింది, ఆకు మారలేదు.

ఆకును వేలితో రుద్దమన్నాను. బూడిద తెగులైతే తెల్లని పొడి అంటుతుంది. ఇక్కడ ఏమీ అంటలేదు. అంటే మార్పు ఆకు మీద కాదు, లోపల జరిగింది.

ఆకు పైపొర కింద నిలువుగా పేర్చినట్టుండే కణాల వరుస ఉంటుంది. పాఠంలో దాన్నే స్తంభ మృదుకణజాలం అంటాం. ఈ జబ్బులో పైపొర ఆ కణాల నుంచి విడిపోతుంది. ఆ సందులో గాలి చేరి, పడిన వెలుతురును వెనక్కి పంపుతుంది. తామరాకును నీటిలో ముంచితే వెండిలా మెరవడం చూశారు కదా! అక్కడా మెరిసేది గాలి పొరే. వెండి ఆకులో పత్రహరితం కూడా తగ్గుతుంది. అందుకే తీగ నీరసిస్తుంది, కాయలు పాలిపోతాయి.

దీనికి కారణం తెల్లదోమలో ఒక రకం. దాని పిల్లలు ముదురు ఆకుల అడుగున అతుక్కుని రసం పీలుస్తాయి. వెండి రంగు మాత్రం కొత్తగా వచ్చే ఆకుల్లో కనిపిస్తుంది. పురుగు ఒకచోట, లక్షణం మరోచోట! 1980ల చివర అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ జబ్బు గుమ్మడి జాతి పంటలను దెబ్బతీసినప్పుడు అందరి దృష్టి దీనిపై పడింది. ఈ రకం దోమను మన దేశంలో 1999లో కర్ణాటకలోని కోలారు ప్రాంతంలో గుర్తించారు.

ఒక ఊరట ఉంది. దోమ పిల్లలు పోతే తర్వాత వచ్చే ఆకులు పచ్చగానే వస్తాయి. వెండిగా మారిన ఆకు మాత్రం తిరిగి మామూలుగా కాదు. కనుక పాత ఆకును చూసి మందు పనిచేయలేదనుకోకండి, కొత్త చిగురును చూడండి. కొన్ని గుమ్మడి రకాల్లో ఈనెలు కలిసే చోట పుట్టుకతోనే వెండి మచ్చలుంటాయి. వాటితో భయం లేదు.

పాదు లేతగా ఉన్నప్పుడే పసుపు రంగు జిగురు అట్టలు కట్టండి. ఏ మందైనా కొనే ముందు కింది ఆకును ఒకసారి తిప్పి చూడండి. ఆ పిల్లవాడు ఇప్పుడు వాళ్ల నాన్నకు చేసిపెడుతున్న పని అదే.