వాచీ హెచ్చరించగానే ట్రయల్‌లో చేర్చుకుంటారా?

అపోహ: గుండె లయ తప్పిందని స్మార్ట్‌వాచీ చెప్పిందంటే జబ్బు ఉన్నట్టే. ఇక నేరుగా క్లినికల్ ట్రయల్‌లోకి తీసుకుంటారు.

వాస్తవం: అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వైద్యులు 2017లో మొదలుపెట్టిన ఆపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది చేరారు. వాచీ హెచ్చరించింది 2,161 మందిని, అంటే నూటికి ఒక్కరిని కూడా కాదు. వాళ్లలో వీడియోలో డాక్టరుతో మాట్లాడినవారికి ఛాతీకి అంటించుకునే ఈసీజీ ప్యాచ్ పంపారు. తిరిగొచ్చి, చదవడానికి పనికొచ్చిన 450 ప్యాచ్‌లలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనబడింది 34 శాతంలోనే. అలాగని మిగతావన్నీ తప్పుడు హెచ్చరికలని కొట్టిపారేయకూడదు. గుండె పైగదులు లయ తప్పే ఈ జబ్బు వస్తూ పోతూ ఉంటుంది. ప్యాచ్ చేతికందేసరికి లయ కుదుటపడి ఉండొచ్చు. వాచీ ఇచ్చేది అనుమానం మాత్రమే, తేల్చాల్సింది ఈసీజీ చూసిన డాక్టరు. ఆ తర్వాతే ట్రయల్ మాట.

అపోహ: జబ్బు బయటపడ్డాక మందు వేసేస్తే సరి, ట్రయల్ దేనికి?

వాస్తవం: ఈ అపోహే నన్ను అన్నిటికన్నా భయపెడుతుంది. శరీరంలో అమర్చిన పేస్‌మేకర్ వంటి పరికరాల రికార్డుల్లో 6 నిమిషాల నుంచి 24 గంటల దాకా లయ తప్పి, ఆ సంగతి రోగికి కూడా తెలియని 4,012 మందిని ఆర్టీసియా ట్రయల్‌కు ఎంచుకున్నారు. కొందరికి రక్తం గడ్డకట్టకుండా ఆపే అపిక్సబాన్, కొందరికి ఆస్పిరిన్ ఇచ్చారు. 2023లో ఫలితాలు వచ్చాయి. అపిక్సబాన్ తీసుకున్నవారిలో పక్షవాతం, రక్తపు గడ్డల ముప్పు ఏడాదికి నూటికి 1.24 నుంచి 0.78కి తగ్గింది. తీవ్ర రక్తస్రావం మాత్రం 0.94 నుంచి 1.71కి పెరిగింది. లాభమూ నష్టమూ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, ఎవరికి ఇవ్వాలో ఎవరికి వద్దో ట్రయల్ లేకుండా ఎలా తెలుస్తుంది?

అపోహ: యంత్రానికి తన పర భేదం లేదు. ఎంపిక న్యాయంగానే జరుగుతుంది.

వాస్తవం: వాచీ కొనుక్కోగలిగినవాళ్లే జల్లెడలో పడతారు. వయసు మీదపడేకొద్దీ ఎక్కువయ్యే జబ్బు ఇది. అయినా ఆపిల్ హార్ట్ స్టడీలో 65 దాటినవారు సుమారు 6 శాతమే. చర్మం రంగును బట్టి కూడా యంత్రం తప్పొచ్చు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ సంగతి చూడండి. ఆక్సిజన్ 92–96 ఉందని అది చూపించినా, రక్తపరీక్షలో 88 కన్నా తక్కువ తేలినవి అమెరికాలో నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం అని 2020లో బయటపడింది. చామనఛాయవాళ్లం, మనమూ పట్టించుకోవాల్సిన సంగతి. అంకె ఒక్కటే చూసి ఎంచుకుంటే అసలు రోగి గుమ్మం బయటే ఉండిపోవచ్చు.

అపోహ: రికార్డు ట్రయల్ నడిపేవాళ్ల చేతిలో ఉంది కాబట్టి మనల్ని అడగకుండానే చేర్చుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. మన దేశంలో 2019 నిబంధనల ప్రకారం కొత్త మందు ట్రయల్‌కు ఎథిక్స్ కమిటీ అనుమతి, మీ రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. మధ్యలో మానుకున్నా మీకు అందాల్సిన వైద్యం ఆగకూడదు. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇంగ్లీషులో చేతికిస్తే తెలుగులో ఇమ్మని అడగండి, ఇంటికి తీసుకెళ్లి చదివాకే సంతకం పెట్టండి.