బల్లమీద బేస్‌బాల్: ఏ ఆట ఏం నేర్పుతుంది?

బ్యాటు లేదు, బంతి లేదు, మైదానం అసలే లేదు. బల్ల చుట్టూ కూర్చున్న పిల్లలు పాచికలు వేసి, చేతిలోని అట్టముక్కమీద అంకెలు వెతికి, "అవుట్!" అని కేకలు పెడతారు. అమెరికాలో మంచు కురిసే చలికాలంలో ఎన్నో ఇళ్లలో కనిపించే దృశ్యమిది. దీన్ని బల్లమీద ఆడే బేస్‌బాల్ అనవచ్చు. ఆట కొత్తగా నేర్చుకొనే పిల్లలకు ఇలాంటివి ఇస్తే మంచిదని నమ్మే శిక్షకులు అక్కడ ఉన్నారు.

"బల్లమీద ఆడితే మైదానంలో ఆట వస్తుందా?" అని మీరు అడగవచ్చు. ప్రశ్న బాగానే ఉంది. దానికి జవాబు మనం ఎంచుకొనే ఆటను బట్టి ఉంటుంది. సరైన ఆటను ఎంచుకోవడానికి కావలసినది మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. దాని పేరు సంభావ్యత.

ముందు అసలు ఆట సంగతి

బేస్‌బాల్ మన క్రికెట్టుకు దూరపు చుట్టం. జట్టుకు 9 మంది ఉంటారు. ఆటలో 9 ఇన్నింగ్సులు ఉంటాయి. ప్రతి ఇన్నింగ్సులోనూ ముగ్గురు అవుటయ్యేదాకా ఒక జట్టు బ్యాటు పడుతుంది, తరవాత రెండో జట్టు వంతు. బంతి విసిరేవాడు పిచ్చర్. మైదానంలో ఒక చదరం, దాని నాలుగు మూలలే నాలుగు బేసులు. పెద్దల ఆటలో ఒక బేసునుంచి మరో బేసుకు 90 అడుగులు. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్ట్‌లో మొదలైన పిల్లల బేస్‌బాల్ సంస్థ 'లిటిల్ లీగ్' ఆ దూరాన్ని 60 అడుగులకు తగ్గించింది. బంతిని కొట్టి క్షేమంగా బేసు చేరితే హిట్టు. నాలుగు బేసులూ చుట్టి వస్తే ఒక పరుగు.

హిట్ల సంఖ్యను బ్యాటు పట్టిన సార్లతో భాగిస్తే బ్యాటింగ్ సగటు వస్తుంది. సగటు 0.300 ఉంటే గొప్ప ఆటగాడనే లెక్క. అంటే పదిసార్లలో ఏడుసార్లు విఫలమయ్యేవాడు గొప్పవాడన్నమాట! 1941లో టెడ్ విలియమ్స్ అనే బ్యాటరు 456 సార్లలో 185 హిట్లు కొట్టి 0.406 సగటు సాధించాడు. ఆ ఆటలో ఎప్పటికీ చెప్పుకొనే ఘనతల్లో అది ఒకటి. అంతటివాడికి కూడా 271 సార్లు హిట్టు రాలేదు.

పదేళ్ల కుర్రవాడికి ఈ సంగతి తెలియదు. వరసగా మూడుసార్లు అవుటయితే చాలు, "నాకు ఆట రాదు" అని ఇంటి ముఖం పడతాడు. ఒక్క ఆట చూసి "వీడు పనికిరాడు" అని తేల్చే పెద్దలూ ఉంటారు. మంచి బల్లాట ముందుగా సరిదిద్దవలసింది ఈ పొరపాటునే.

మొదటి పరీక్ష: అందరూ ఒకటేనా?

పుస్తక క్రికెట్టు మీకు తెలియనిది కాదు. పుస్తకం తెరిచి ఎడమవైపు పేజీ చివరి అంకె చూస్తారు. 0 వస్తే అవుట్. 2, 4, 6 వస్తే అన్ని పరుగులు. 8 వస్తే ఒక పరుగు అని కొందరి నియమం. ఎడమవైపు ఎప్పుడూ సరిసంఖ్యే కాబట్టి ఈ అయిదు అంకెలకూ సమాన అవకాశం ఉంది. సగటున అయిదుసార్లు తెరిస్తే ఒకసారి అవుట్, మిగిలిన నాలుగుసార్లలో 2+4+6+1, అంటే 13 పరుగులు. ఇక్కడే లోపం ఉంది. టెస్టుల్లో 99.94 సగటు సాధించిన బ్రాడ్‌మన్ పేరు పెట్టి ఆడినా 13 పరుగులే, పదకొండో ఆటగాడి పేరు పెట్టి ఆడినా 13 పరుగులే! సరదాకు చక్కని ఆటే గాని, నైపుణ్యం అనే మాటకు ఇందులో చోటే లేదు.

అందుచేత బల్లాటను ఎంచుకొనేటప్పుడు మొదటి ప్రశ్న ఇది: ఆటగాడి అసలు రికార్డుకు తగినట్టుగా అతని అవకాశాలు ఉన్నాయా?

మూడు ఆటలు, మూడు పద్ధతులు

ఈథన్ అలెన్ 1926నుంచి 1938దాకా పెద్ద లీగుల్లో ఆడిన బేస్‌బాల్ ఆటగాడు. అతను రూపొందించిన 'ఆల్‌స్టార్ బేస్‌బాల్' 1941లో వెలువడింది. అందులో ప్రతి ఆటగాడికీ ఒక గుండ్రని అట్ట, దానిమీద తిరిగే ముల్లు ఉంటాయి. అట్టను ముక్కలుగా విభజించి ఉంచుతారు. 600 సార్లు బ్యాటు పట్టి 40 హోమ్‌రన్లు, అంటే ఒకే దెబ్బకు నాలుగు బేసులూ చుట్టి వచ్చే హిట్లు, కొట్టినవాడిని ఊహించండి. 360 డిగ్రీల్లో అతని హోమ్‌రన్ ముక్కకు ఎంత కోణం రావాలి? 40/600 × 360 = 24 డిగ్రీలు. పది హోమ్‌రన్లే కొట్టినవాడికి 6 డిగ్రీలు. సంభావ్యత కంటికి కనిపిస్తుంది! భిన్నాలు ఇంకా సరిగా రాని చిన్నపిల్లలకు ఇంతకన్న మంచి సాధనం లేదు. అయితే ఎదుట ఎంత గొప్ప పిచ్చర్ ఉన్నా ఇందులో ఫలితం మారదు. పైగా బల్ల వాలుగా ఉంటే ముల్లు ఒకే పక్కన ఆగుతుంటుంది.

జె. రిచర్డ్ సైట్జ్ 1951లో అమ్మకానికి పెట్టిన 'ఆప్‌బా' ఆటలో రెండు పాచికలు వాడతారు. వాటిని కూడరు. పెద్ద పాచికను పదుల స్థానంలో, చిన్నదాన్ని ఒకట్ల స్థానంలో చదువుతారు. 11నుంచి 66దాకా 36 ఫలితాలు, ప్రతిదానికీ 1/36 అవకాశం. ఆ 36లో తొమ్మిదింటిని హిట్లు చేస్తే సగటు 0.250; పదకొండు చేస్తే 0.306. పిచ్చర్లకు కూడా తరగతులున్నాయి. బలహీనుడిమీద హిట్టయ్యే అంకె బలవంతుడిమీద అవుట్ కావచ్చు.

హాల్ రిచ్‌మన్ 1961లో అమ్మడం మొదలుపెట్టిన 'స్ట్రాటోమాటిక్' మూడు పాచికల ఆట. మొదటి పాచికలో 1, 2, 3 పడితే బ్యాటరు అట్ట, 4, 5, 6 పడితే పిచ్చర్ అట్ట చూడాలి. మిగిలిన రెండింటినీ కూడాలి. కూడినప్పుడు 7 రావడానికి 36లో 6 అవకాశాలు, 2 రావడానికి ఒక్కటే. ఆ తేడాను ఎరిగి ఏ వరసలో ఏ ఫలితం రాయాలో నిర్ణయిస్తారు. బ్యాటరు ప్రతిభ సగం, పిచ్చర్ ప్రతిభ సగం అన్న సంగతి పిల్లలకు చెప్పకుండానే బోధపడుతుంది.

రెండో పరీక్ష: నిర్ణయం ఎవరిది?

పాచిక వేసి చూస్తూ కూర్చుంటే అది వైకుంఠపాళీ అవుతుంది. మంచి ఆటలో పిల్లవాడే నాయకుడు. ఎవరిని ముందు పంపాలి, పిచ్చర్‌ను ఎప్పుడు మార్చాలి అన్నవి అతనే తేల్చుకోవాలి.

ఒక ఉదాహరణ. మొదటి బేసుమీద మనవాడు ఒకడున్నాడు, ఎవరూ అవుట్ కాలేదు. బ్యాటరు బంతిని మెల్లగా తట్టి, తాను అవుటయి, అతన్ని రెండో బేసుకు పంపవచ్చు. చూడడానికి తెలివైన పనే. కాని పెద్ద లీగుల లెక్కల ప్రకారం మొదటి స్థితిలో ఆ ఇన్నింగ్సులో ఇకమీదట సగటున సుమారు 0.9 పరుగు వస్తుంది. ఈ త్యాగం చేశాక సుమారు 0.7 మాత్రమే. ఒక్క పరుగుతో గెలిచే చివరి ఇన్నింగ్సులో, బలహీనుడైన బ్యాటరు వచ్చినప్పుడు లెక్క మారవచ్చు. ఇటువంటివి మైదానంలో నేర్చుకోవాలంటే ఏళ్లు పడతాయి. బల్లమీద ఒక మధ్యాహ్నంలో యాభైసార్లు ప్రయత్నించవచ్చు.

మూడో పరీక్ష చాలా సాదాది. పిల్లల వయసుకు తగినదేనా? ఒక్క కూర్చోటులో ముగుస్తుందా? పట్టికలు చదవలేని పిల్లలకు తిరిగే ముల్లు చాలు. శాతాలు నేర్చిన హైస్కూలు పిల్లలకు పాచికల ఆటలు మేలు. ఎంత నిక్కచ్చి ఆటయినా సగంలో విసుగు పుట్టిస్తే ఏమీ నేర్పదు.

మీరే చేసి చూడండి

రెండు గుండ్రని అట్టలు తీసుకోండి. మొదటిదానిమీద 120 డిగ్రీల ముక్కకు రంగు వేయండి. దీని పేరు రాము, సగటు 0.333. రెండోదానిమీద 90 డిగ్రీలు. దీని పేరు సోము, సగటు 0.250. మధ్యలో గుండుసూది గుచ్చి, దానికి కాగితం పిన్ను తగిలించి తిప్పండి. ఒక్కొక్కరికి నాలుగుసార్లు తిప్పితే ఒక ఆట.

రాము ఎంతో మేలయిన ఆటగాడు గదా! అయినా ఒక ఆటలో అతనికి ఒక్క హిట్టూ రాకపోయే అవకాశం 2/3 × 2/3 × 2/3 × 2/3, అంటే 16/81. దాదాపు అయిదు ఆటలకు ఒకటి! సోముకు రాముకన్న ఎక్కువ హిట్లు వచ్చే ఆటలు సుమారు నాలుగింట ఒకటి. అదే ఒక్కొక్కరికి 500 సార్లు తిప్పితే రాముకు 167, సోముకు 125 హిట్ల చుట్టుపక్కల వస్తాయి. అప్పుడు సోము ముందుండడం వేయింట రెండు మూడుసార్లు కూడా జరగదు. ఒక్క ఆటలో అదృష్టం మాట్లాడుతుంది, ఏడాది పొడుగునా ప్రతిభ మాట్లాడుతుంది.

పాచికలను కూడా పరీక్షించండి. ఒక పాచికను 600 సార్లు వేస్తే ప్రతి ముఖం సుమారు 100 సార్లు పడాలి. 80కీ 120కీ మధ్య ఉంటే అనుమానించనక్కర లేదు.

బల్లాట నేర్పలేనివీ ఉన్నాయి. దూసుకువచ్చే బంతిమీద చూపు నిలపడం, చేతినీ కంటినీ ఒకటి చేయడం, పరుగెత్తి బంతి పట్టడం మైదానంలో చెమటోడ్చి నేర్వవలసినవే. బల్ల దగ్గర నేర్చుకొనేది ఆటను చూసే పద్ధతి. మూడుసార్లు అవుటయిన కుర్రవాడు నాలుగోసారి బ్యాటు పట్టడానికి కావలసిన ధైర్యం ఆ లెక్కలోంచే రావచ్చు. పరీక్షలో ఒక్క మార్కుల కాగితం చూసి మిమ్మల్ని మీరు కొలుచుకోబోయే ముందు రాము, సోముల అట్టలను ఒకసారి తిప్పి చూడండి.